శనివారం హెవీవెయిట్ క్లాసు: 12 వారాలు, 180 డాలర్లు

బరువు తగ్గడానికి జిమ్ వెతుక్కుంటున్నవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. 12 శనివారాలు వెళ్తే నేను తగ్గింది కిలోన్నర. అది కూడా ఉగాది వారంలో వడ్డీతో సహా తిరిగొచ్చేసింది. ఈ క్లాసులో దొరికే సరుకు వేరు. ఇతన్ని ఎవరూ ఓడించలేరని లోకమంతా తీర్మానించేసిన హెవీవెయిట్ ఛాంపియన్ మీదికి ఇంకో మనిషిని ఎలా తయారుచేసి పంపిస్తారు? అదే సబ్జెక్టు. ఇంచుమించు వారానికో ఫైట్. మొదటి గంట ప్రొజెక్టర్ మీద వీడియో, రెండో గంట చేతులకి గుడ్డ చుట్టుకుని, చూసినదాన్ని మనమే చేసి చూడటం.

మెట్రో డెట్రాయిట్‌లో మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో వీకెండ్ క్లాసుల గురించి అడిగితే కూచిపూడి, చెస్, మ్యాథ్స్ ట్యూషన్ తప్ప ఇంకో జవాబు రాదు. అందుకే ఈ రివ్యూ తెలుగులో రాస్తున్నాను. జిమ్ పేరు, కోచ్ పేరు మాత్రం రాయను. "నా పేరు ఇంటర్నెట్‌లో కనబడితే నీ డబ్బులు నీకిచ్చి పంపించేస్తా" అని మొదటిరోజే చెప్పాడాయన. నిజంగా కావలసినవాళ్ళు నాకు మెసేజ్ పెట్టండి, ఫోన్ నంబర్ ఇస్తాను.

నా సంగతి కొంచెం. వయసు 43, ఎత్తు ఐదడుగుల తొమ్మిది, బరువు 94 కిలోలు. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో 200 పౌండ్లు, అంటే 90.7 కిలోలు దాటితే హెవీవెయిట్. ఆ లెక్కన నేను కూడా హెవీవెయిట్‌నే. మా డాక్టరమ్మ ఆ కేటగిరీకి వేరే పేరు పెట్టింది. ముందు ఏడాది మా ఇంటికి దగ్గర్లో ఒక ఫిట్‌నెస్ బాక్సింగ్ సెంటర్‌లో చేరాను. నీలం లైట్లు, డీజే పాటలు, గోడకి అద్దాలు. మానేసిన తర్వాత కూడా నాలుగు నెలలు కార్డు మీద డబ్బు లాగుతూనే ఉన్నారు. ఫోన్ చేస్తే 30 రోజుల ముందు కాగితం మీద రాసివ్వాలట. ఆ పేరు కూడా రాయను, వదిలేయండి.

ఇక్కడ అద్దాలు లేవు. పాత గోడౌన్‌లో ఒక రింగు, ఆరు బ్యాగులు, ఇనుప కుర్చీలు, గోడకి కట్టిన తెల్ల దుప్పటి. దాని మీదే వీడియో. ఇంకో సంగతి, వేడి. జనవరిలో బయట మంచు మోకాలి లోతు ఉంటే లోపల హీటర్ మా నిజామాబాద్ మే నెలని గుర్తుచేస్తుంది. మొదటిరోజు స్వెటర్‌తో వెళ్ళి పది నిమిషాల్లో బనీనుకి వచ్చేశాను. అడిగితే కోచ్ ఒక్క మాట అన్నాడు: "క్రాంక్."

తెలియనివాళ్ళ కోసం: క్రాంక్ అంటే డెట్రాయిట్‌లో మెగ్రా వీధిలో ఉండిన సిటీ వాళ్ళ రిక్రియేషన్ సెంటర్. దాని బేస్‌మెంట్‌లో ఇమాన్యుయెల్ స్టూవర్డ్ అనే ఆయన 1970ల మొదట్లో పిల్లలకి బాక్సింగ్ నేర్పడం మొదలుపెట్టి, థామస్ హర్న్స్ లాంటివాళ్ళని ప్రపంచానికి ఇచ్చాడు. అక్కడ హీటర్ కావాలనే మండిస్తూ ఉండేవాళ్ళు. మా కోచ్ ఇరవైల వయసులో ఆ బేస్‌మెంట్‌లో స్పారింగ్ పార్ట్‌నర్‌గా, అంటే అసలు బాక్సర్లకి ప్రాక్టీసు కోసం ఎదురునిలబడి దెబ్బలు తినే మనిషిగా పనిచేశాడు. 2006లో ఆ సెంటర్ మూతపడింది. వేడి మాత్రం ఈయనతో పాటు వచ్చేసింది.

మొదటి క్లాసు 1936 నాటి ఫైట్. మాక్స్ ష్మెలింగ్, జో లూయిస్. డెట్రాయిట్‌లో జో లూయిస్ అంటే దేవుడే. డౌన్‌టౌన్‌లో ఆయన చెయ్యి ఒక్కటే, 24 అడుగుల కంచు పిడికిలి, గాల్లో వేలాడుతూ ఉంటుంది. అలాంటి ఊళ్ళో మొదటి క్లాసే ఆయన ఓడిపోయిన ఫైట్‌తో పెట్టాడంటే ఈ కోచ్ ఎలాంటివాడో అర్థం చేసుకోండి. లూయిస్‌కి అప్పటికింకా టైటిల్ రాలేదు, కానీ ఓటమి ఎరగడు. ష్మెలింగ్ మాజీ ఛాంపియన్, అతని పని అయిపోయిందని అందరూ అనుకుంటున్న టైమ్. 1935 డిసెంబర్‌లో న్యూయార్క్ వచ్చి లూయిస్ ఫైట్‌ని రింగు పక్కనే కూర్చుని చూశాడు. ఫిల్ములు సంపాదించి మళ్ళీ మళ్ళీ తిప్పి చూశాడు. అతని కంటికి ఆనింది ఒక్కటే. లూయిస్ ఎడమచేత్తో జాబ్, అంటే ముందున్న చేత్తో సూటిగా కొట్టే గుద్దు, విసిరాక ఆ చేతిని మళ్ళీ గడ్డం దగ్గరికి తీసుకురాకుండా కిందికి జారవిడుస్తాడు. ఆ అరక్షణం అతని ఎడమ చెంపకి కాపలా లేదు.

ఇక్కడ కోచ్ వీడియో ఆపి నన్ను లేపాడు. "ఇరవై విసురు" అన్నాడు. తను నా ఎదురుగా నిలబడ్డాడు, కుడిచేతిలో నీలం రబ్బరు స్లిప్పర్. బాత్‌రూమ్‌లో వేసుకునేది. ఒకటి, రెండు, మూడు బాగానే వెళ్ళాయి. నాలుగోదానికి నా ఎడమ చెవి కింద టప్‌మని పడింది. నొప్పేం లేదు, కానీ మన పుట్టుకకి చెప్పుదెబ్బ అంటే మామూలు విషయమా! ఊళ్ళో అయితే పంచాయితీ పెట్టేవాళ్ళం. "నేను చెయ్యి దించలేదు" అన్నాను గట్టిగా. పక్కనున్నాయన ఫోన్‌లో తీసిన వీడియో చూపించాడు. మోచెయ్యి నడుము దగ్గర, గడ్డం గాల్లో. ఇరవైకి పదకొండుసార్లు.

"లూయిస్‌కి కూడా తెలియదు" అన్నాడు కోచ్. "తెలిస్తే దించడు కదా."

మొత్తం క్లాసు సారం నాకు ఆ చెప్పుదెబ్బలోనే దొరికింది. బయటనుంచి చూసే మనం, ఛాంపియన్‌ని కొట్టాలంటే అతనికంటే బలంగా, వేగంగా తయారవ్వాలి అనుకుంటాం. అంత టైమ్ ఎవరికీ ఉండదు. క్యాంపు, అంటే ఫైట్ ముందు చేసే తయారీ, ఎనిమిది వారాలో, పదో. ముప్పై ఏళ్ళ మనిషి పది వారాల్లో కొత్త మనిషి అయిపోడు. అందుకని ఛాంపియన్‌కే తెలియకుండా అతను చేసే పని ఒకటి పట్టుకోవాలి. మిగతా క్యాంపంతా, అంటే స్పారింగ్‌కి ఎవరిని తేవాలి, ఎంత బరువుతో దిగాలి, ఏం తినాలి, అన్నీ ఆ ఒక్కదాని చుట్టూ కట్టాలి. ష్మెలింగ్ నాలుగో రౌండ్లో అదే కుడిచేత్తో లూయిస్‌ని పడగొట్టాడు, పన్నెండో రౌండ్లో ముగించాడు. రెండేళ్ళ తర్వాత, 1938లో, లూయిస్ ఛాంపియన్‌గా మళ్ళీ ఎదురైతే 124 సెకన్లలో ష్మెలింగ్ పని అయిపోయింది. కన్నం పూడ్చేసిన ఇంటికి దొంగ మళ్ళీ వెళ్ళినట్టయింది.

ఇంటికి వెళ్ళి జరిగింది చెప్తే మా ఆవిడ "ఏమండీ, డబ్బులు కట్టి మరీ చెప్పుదెబ్బలు తింటున్నారా?" అని ఆ వారమంతా ఫోన్ చేసిన ప్రతివాళ్ళకీ చెప్పింది.

రెండు, మూడు వారాలు టోక్యో. 1990 ఫిబ్రవరి 11, బస్టర్ డగ్లస్, మైక్ టైసన్. లాస్ వేగాస్‌లో ఒక్క కాసినోనే పందెం తీసుకుంది, అదీ డగ్లస్ గెలిస్తే ఒకటికి 42. టైసన్ 37 ఫైట్లు, 37 గెలుపులు, అందులో 33 నాకౌట్లు. డగ్లస్ చేతుల చాపు 83 అంగుళాలు, టైసన్‌ది 71. ఈ అంకెలు అందరికీ ముందే తెలుసు, కొత్త సంగతి కాదు. అయినా టైసన్ అంటే భయంతో పొడుగు చేతులవాళ్ళు కూడా చేతులు ముడుచుకుని గోడకి అతుక్కుపోయేవాళ్ళు. డగ్లస్ ముడుచుకోలేదు. జాబ్ ఒకటి కాదు, రెండు వేసి వెనకే కుడిచెయ్యి. టైసన్ దగ్గరికి దూరితే పట్టేసుకోవడం, విడిపోయేటప్పుడు మళ్ళీ కొట్టడం. ఫైట్‌కి మూడు వారాల ముందు అతని తల్లి చనిపోయింది. ఎనిమిదో రౌండ్లో కిందపడి లేచాడు. పదో రౌండ్లో టైసన్ నేల మీద పాకుతూ మౌత్‌పీస్ వెతుక్కుంటుంటే మా క్లాసులో పద్నాలుగు మందిలో ఎవరూ మాట్లాడలేదు, ముప్పై ఐదేళ్ళ కిందటి ఫైట్ అయినా.

కానీ కోచ్ చూపించాలనుకున్నది డగ్లస్‌ని కాదు, టైసన్ మూలని, అంటే రింగు మూలలో ఉండి రౌండ్ల మధ్య అతన్ని చూసుకునే మనుషుల్ని. బల్ల మీద రెండు వస్తువులు పెట్టాడు. ఒకటి చిన్న పిడి ఉన్న ఇనుప ముక్క, ఐస్ డబ్బాలోంచి తీసింది. ఎండ్‌స్వెల్ అంటారు, కన్ను వాచకుండా రౌండ్ల మధ్య అదిమిపెట్టేది. రెండోది ఆసుపత్రుల్లో వాడే రబ్బరు గ్లౌజ్, దాంట్లో ఐస్ నీళ్ళు పోసి మూతి కట్టాడు. రెండూ చేతులు మారుతూ నా దగ్గరికొచ్చాయి. ఇనుప ముక్కని చెంపకి ఆనించుకుంటే ఎముకదాకా చల్లదనం దిగింది, ఎక్కడ అదిమితే అక్కడే. గ్లౌజ్ అయితే పెరుగు ప్యాకెట్‌లా అటూ ఇటూ జారిపోతోంది, నీళ్ళు కారి చొక్కా తడిసింది. ఆ రాత్రి ఎడమ కన్ను మూసుకుపోతున్న టైసన్‌కి అతని మూలలో వాళ్ళు పెట్టింది ఈ గ్లౌజే. ఎండ్‌స్వెల్ తెచ్చుకోలేదు! ప్రపంచంలో అందరికంటే భయంకరమైన బాక్సర్, అతని మూలలో ఆ ఇనుప ముక్క లేదు. టైసన్‌ని చిన్నప్పటినుంచి తెలిసిన కోచ్ కెవిన్ రూనీని 1988లోనే తీసేశారు. టోక్యోలోనే ప్రాక్టీసులో గ్రెగ్ పేజ్ అనే స్పారింగ్ పార్ట్‌నర్ టైసన్‌ని కింద పడేశాడు. సూచనలన్నీ కళ్ళెదుటే ఉన్నాయి, చూడాలనుకున్నవాడికి.

ఇక్కడ కోచ్ చెప్పినదాంతో నేను పూర్తిగా ఏకీభవించను. "సగం టైటిళ్ళు ఛాంపియన్ క్యాంపులోనే పోతాయి" అంటాడాయన. నిజమే కావచ్చు. కానీ అలా అంటే డగ్లస్ కష్టాన్ని తక్కువ చేసినట్టు కాదా అని అడిగాను. దానికి జవాబుగా అదే ఏడాది అక్టోబర్ ఫైట్ పెట్టాడు. డగ్లస్ ఇప్పుడు ఛాంపియన్. టోక్యోలో 231 పౌండ్ల చిల్లర ఉన్న మనిషి హోలీఫీల్డ్ ఎదురుగా 246తో దిగాడు. మూడో రౌండ్లో ఫైట్ అయిపోయింది. నా ప్రశ్నకి అది జవాబు కాదని ఇప్పటికీ అంటాను, కానీ ఆ పొట్ట చూశాక నోరు మెదపలేకపోయాను. నా పొట్ట మీదికి కూడా వచ్చాడేమో అనిపించింది.

నాలుగో వారం నుంచి క్లాసు అసలు రుచి తెలిసింది, ఎందుకంటే అక్కడినుంచి అంతా క్రాంక్ కుటుంబ కథ. 1994 సెప్టెంబర్, వెంబ్లీ. లెనాక్స్ లూయిస్ (జో లూయిస్ వేరు) ఛాంపియన్. ఎదురుగా ఆలివర్ మెకాల్, టైసన్‌కి ఏళ్ళ తరబడి స్పారింగ్ పార్ట్‌నర్‌గా పనిచేసినవాడు. మెకాల్ మూలలో స్టూవర్డ్. రెండో రౌండ్లో ఇద్దరూ ఒకేసారి కుడిచెయ్యి విసిరారు, మెకాల్‌ది దగ్గరి దారిలో వెళ్ళి ముందు తగిలింది. అంతే. తర్వాత లూయిస్ ఏం చేశాడు? తనని ఓడించే ప్లాన్ వేసినవాడినే తన కోచ్‌గా పెట్టుకున్నాడు. నాకు ఈ క్లాసులో అన్నిటికంటే నచ్చిన సంగతి ఇదే. మన ఆఫీసుల్లో, ప్రొడక్షన్‌లో బగ్ పట్టుకున్న టెస్టర్‌ని మీటింగులో పలకరించను కూడా పలకరించరు. (నేను టెస్టర్‌ని. ఈ కడుపుమంట ఎప్పటిదో.)

ఆ లూయిస్ కూడా 2001లో దక్షిణాఫ్రికాలో హసీమ్ రహ్మాన్ చేతిలో ఐదో రౌండ్లో పడిపోయాడు. ఫైట్ జరిగిన బ్రాక్‌పాన్ సముద్రమట్టానికి దాదాపు మైలు ఎత్తు, గాలి పలచన. రహ్మాన్ వారాల ముందే వెళ్ళి ఆ గాలికి ఊపిరితిత్తులని అలవాటు చేసుకున్నాడు. లూయిస్ ఆలస్యంగా దిగాడు, మధ్యలో ఒక హాలీవుడ్ సినిమాలో చిన్న వేషం కూడా ఉంది. ఆరేడు నెలల తర్వాత రీమ్యాచ్‌లో నాలుగో రౌండ్లో లెక్క సరిచేశాడు. కోచ్ దీన్ని ఇరవై నిమిషాల్లో ముగించాడు, అంతకంటే అక్కర్లేదు కూడా.

లూయిస్ తర్వాత స్టూవర్డ్ వ్లాదిమిర్ క్లిచ్కోని చేతిలోకి తీసుకున్నాడు. ఎడమ జాబ్, దగ్గరికొస్తే పట్టేసి బరువంతా మీద వేయడం. చూడటానికి సీరియల్ లాగా బోరు, కానీ 2004 తర్వాత పదకొండేళ్ళు ఎవరి చేతిలోనూ ఓడలేదు. 2012లో స్టూవర్డ్ చనిపోయాక డెట్రాయిట్‌వాడే జొనాథన్ బ్యాంక్స్ ఆ మూలలోకి వచ్చాడు. 2015 నవంబర్‌లో డ్యూసెల్‌డోర్ఫ్‌లో టైసన్ ఫ్యూరీ ఎదురైనప్పుడు మా కోచ్ క్లిచ్కో వైపు ఉన్నాడట, ఇంటివాడే కదా. ఫ్యూరీని తయారుచేసింది అతని బాబాయి పీటర్ ఫ్యూరీ. క్లిచ్కో ఎత్తు ఆరడుగుల ఆరు, ఎక్కువగా తనకంటే పొట్టివాళ్ళ మీదకి పైనుంచి కొట్టడం అలవాటు. ఫ్యూరీ ఆరడుగుల తొమ్మిది. ఈసారి తల ఎత్తి చూడాల్సి వచ్చింది. ఎడమ, కుడి కాళ్ళు మారుస్తూ, భుజాలు ఊపుతూ, ఒకచోట నిలబడకుండా, అతన్ని జాబ్ వేయనివ్వకుండా ఫ్యూరీ గెలిచాడు.

ఇందులో ఒక చిన్న సంగతికి కోచ్ అరగంట ఇచ్చాడు, నాకూ సరదాగా అనిపించింది. ఫైట్ ముందురోజుల్లో ఫ్యూరీ మనుషులు రింగులో నడిచి చూసి, గుడ్డ కింద ఫోమ్ మందం ఎక్కువగా ఉంది, కాళ్ళు దిగబడుతున్నాయి అని గొడవ పెట్టారు. తీస్తేనే దిగుతాం అన్నారు. తీయించారు. కాళ్ళ మీద ఆధారపడే ప్లాన్ వేసుకుని పరుపు మీద ఆడితే ఏమవుతుందో చూపించడానికి కోచ్ మా అందరి చేత రింగులో రెండు యోగా మ్యాట్లు ఒకదాని మీద ఒకటి పరిచి గెంతించాడు. మూడో నిమిషానికి పిక్కలు పట్టేశాయి. బాగా మెత్తని ఇసుకలో కబడ్డీ ఆడినవాళ్ళకి ఆ బాధ తెలుసు.

ఆరు, ఏడు వారాలు ఫ్యూరీ, వైల్డర్. ఈ రెండు క్లాసుల కోసమైనా 180 డాలర్లు ఇవ్వొచ్చు. 2018 డిసెంబర్‌లో మొదటి ఫైట్: ఫ్యూరీ వెనక్కి వెనక్కి తిరుగుతూ పాయింట్లు పోగేశాడు, తొమ్మిదిలో ఒకసారి, పన్నెండులో ఒకసారి పడ్డాడు, చివరికి డ్రా. అప్పటికి ఛాంపియన్ వైల్డర్‌ని ఓడించినవాడు లేడు. అతని కుడిచెయ్యి సరిగ్గా తగిలితే లేచినవాళ్ళు అరుదు. రీమ్యాచ్‌కి రెండు నెలల చిల్లర ముందు ఫ్యూరీ కోచ్‌ని మార్చేసి షుగర్‌హిల్ స్టూవర్డ్‌ని, అంటే ఇమాన్యుయెల్ మేనల్లుడిని పిలిచాడు. అందరూ తల పట్టుకున్నారు. బాగా పనిచేసిన ప్లాన్‌ని చివర్లో ఎవరైనా మారుస్తారా?

కోచ్ ఇక్కడ వైల్డర్ పాత ఫైట్ల ముక్కలు వరసగా వేశాడు, ధ్వని లేకుండా. "ఇతని కాళ్ళు చూడండి, చేతులు చూడకండి" అన్నాడు. ఐదో ముక్కకి నాకు కనబడింది. ఆ కుడిచెయ్యి పేలాలంటే వైల్డర్‌కి ముందు ఖాళీ కావాలి, వెనక కాలు నేలలో దిగాలి. ముందుకొచ్చేటప్పుడే కొడతాడు. వెనక్కి నడుస్తూ కొట్టిన దెబ్బ ఒక్కటీ లేదు. మరి మొదటి ఫైట్‌లో ఫ్యూరీ వెనక్కి తిరిగి అతనికి కావలసిన ఖాళీ తనే ఇచ్చాడు కదా! షుగర్‌హిల్ ప్లాన్ అదే: మీదికి నడువు, అతన్ని వెనక్కి నడిపించు, దగ్గరికొస్తే బరువంతా మెడ మీద వేయి. దానికి బరువు కావాలి. మొదటి ఫైట్‌లో 256 పౌండ్లున్న ఫ్యూరీ 273తో దిగాడు. జనం లావయ్యాడని నవ్వారు. 2020 ఫిబ్రవరి 22న మూడో రౌండ్లో వైల్డర్ పడ్డాడు, ఐదులో పడ్డాడు, ఏడులో వైల్డర్ మూలనుంచే, ఓటమి ఒప్పుకున్నట్టు, తువ్వాలు రింగులోకి వచ్చింది. తర్వాత వైల్డర్, తను వేసుకొచ్చిన బరువైన డ్రెస్ వల్ల కాళ్ళు లాగేశాయన్నాడు. మా కోచ్ అప్పుడు నవ్విన నవ్వు ఈ రివ్యూలో పెట్టలేను.

అదే బరువు మందు అందరికీ పనిచేయదు. అది పదో వారం క్లాసు. ఉక్రెయిన్ బాక్సర్ ఒలెక్సాండర్ ఉసిక్‌తో 2024 మేలో ఓడిపోయాక, డిసెంబర్‌లో ఫ్యూరీ 281 పౌండ్లతో దిగాడు. ముగ్గురు జడ్జీలూ ఒకే లెక్క, 116-112, ఉసిక్‌కే. ఉసిక్ ఎడమచేతి వాటం, వైల్డర్ లాగా ఎదురుగా నిలబడడు, పక్కకి జారిపోతాడు. మెడ దొరికితే కదా బరువు వేయడానికి! ఆంథొనీ జోషువా కూడా ఉసిక్ చేతిలో 2021లో ఓడి, కోచ్‌ని మార్చి రాబర్ట్ గార్సియాని తెచ్చుకుని, 2022లో మళ్ళీ ఓడాడు. డేనియల్ డుబ్వా ఉసిక్ ఎదురుగా 2023లో తొమ్మిది రౌండ్లు, 2025 జులైలో వెంబ్లీలో ఐదే రౌండ్లు నిలిచాడు.

నాకు ఈ క్లాసు మీద ఉన్న పెద్ద అసంతృప్తి ఇక్కడే. పాతవాళ్ళందరికీ గంటలకి గంటలు ఇచ్చిన మనిషి, మన కళ్ళ ముందున్న ఉసిక్‌కి నలభై నిమిషాలు ఇచ్చి వదిలేశాడు. అతను తెలియకుండా చేసే పని ఏంటి అని ముగ్గురం అడిగాం. "అలాంటి ఎడమచేతివాడిని స్పారింగ్‌కి ఎక్కడినుంచి తెస్తావ్? ఆరడుగుల మూడంగుళాలు, ఒలింపిక్ గోల్డ్, పన్నెండు రౌండ్లు ఆగకుండా తిరగాలి. అలాంటివాడు ఇంకొకడుంటే వాడే ఛాంపియన్ అవుతాడు కదా" అన్నాడు. బాగానే ఉంది, కానీ అది జవాబు కాదు, తప్పించుకోవడం. డబ్బు కట్టాం కాబట్టి చెప్తున్నాను.

అలీ, ఫోర్‌మన్ ఫైట్‌కి కూడా అంతే, మొదటి రౌండ్ మాత్రం వేశాడు. తాళ్ళకి ఆనుకుని దెబ్బలు కాచుకోవడం గురించి అందరూ చెప్తారు, అది అక్కర్లేదట. 1974లో కిన్షాసాలో మొదటి మూడు నిమిషాలు అలీ కుడిచేత్తోనే ముందు కొట్టాడు. అది వేరే ప్లాన్. దెబ్బలు తగిలాయి గానీ ఫోర్‌మన్ పడలేదు. దాంతో రెండో రౌండ్ నుంచి తాళ్ళు. ఎనిమిదో రౌండ్లో ఫోర్‌మన్ నాకౌట్. ఈ ముక్క నాకు బాగా నచ్చింది. పది నిమిషాలే అయినా.

ఇక రెండో గంట, ప్రాక్టీసు. ఇక్కడ మార్కులు తగ్గిస్తాను. కోచ్‌కి మోకాళ్ళ నొప్పులు, సగం రోజులు కుర్చీలోంచే అరుస్తాడు. ప్యాడ్లు పట్టుకునే కుర్రాడికి ఫోనే లోకం. జిమ్ గ్లౌజులు మాత్రం దయచేసి వాడకండి. ఒకసారి చెయ్యి పెట్టి తీసి, ఇంటికెళ్ళి మూడుసార్లు సబ్బుతో కడిగినా పులిసిన పిండి వాసన పోలేదు. రెండు శనివారాలు చెప్పకుండా క్లాసు రద్దుచేశారు. ఒకటి మంచు తుఫాను, ఒప్పుకుంటాను. రెండోది ఆయన మనవరాలి పుట్టినరోజు. తర్వాత ఆదివారాలు పెట్టి సరిచేశారు లెండి.

మా అమ్మమ్మగారి ఊరు బోధన్ దగ్గర. ఆ పక్కనే హున్సా అనే ఊళ్ళో హోలీ రోజు సాయంత్రం పిడిగుద్దులాట జరుగుతుంది. మధ్యలో తాడు కడతారు, ఊరు రెండు జట్లుగా అటూ ఇటూ నిలబడి, డప్పు మోగగానే పిడికిళ్ళతో గుద్దుకుంటారు. అయిపోయాక కౌగలించుకుంటారు. చిన్నప్పుడు మామయ్య భుజాల మీద కూర్చుని చూశాను. ఇది చెప్తే కోచ్ మొదటిసారి నన్ను ఆసక్తిగా చూశాడు. "గ్లౌజులు ఉండవా? రెఫరీ?" లేరన్నాను. "ఎవరు గెలుస్తారు?" ఎవరూ గెలవరన్నాను. అది ఆయనకి అస్సలు నచ్చలేదు. మా నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో, 2023లో ప్రపంచ ఛాంపియన్ అయింది అని చెప్పి పరువు నిలబెట్టుకున్నాను. ఆవిడ ఫైట్ ఒకటి నా ఫోన్లో చూపిస్తే మూడు నిమిషాలు చూసి, "ఈ అమ్మాయి చెయ్యి దించట్లేదు" అని నా వైపు చూశాడు.

చివరి శనివారం అందరికీ హెడ్‌గార్డులు పెట్టి, ఇద్దరిద్దరికి మూడు రౌండ్లు, ఒక్కోటి రెండు నిమిషాలు. మెల్లగానే, ప్రాణం మీదకేం రాదు. నాకు ఎదురుగా వచ్చినాయన 61 ఏళ్ళ రిటైరైన పోస్ట్‌మ్యాన్, మహా మర్యాదస్తుడు, ప్రతివారం నాకు అరటిపండు తెచ్చిచ్చేవాడు. మొదటి రౌండ్లో ఆయన కుడిచెయ్యి ఒక్కసారి కూడా వాడలేదు. ముసలాయన కదా అని నేను జాబ్ మీద జాబ్ వేశాను, టకటకా. అన్నీ ఆయన గ్లౌజులకే తగిలాయి గానీ ఎంత బాగా ఆడుతున్నానో అనుకున్నాను. రెండో రౌండ్ మొదలైన పది సెకన్లకి నా ఎడమ చెంప మీద కుడిచెయ్యి పడింది. మళ్ళీ ఒకటి. మూడోది పడ్డాక తాళ్ళు పట్టుకుని నిలబడ్డాను.

దిగిన తర్వాత ఆయనే నవ్వుతూ ఫోన్ తీసి చూపించాడు. మొదటిరోజు నా ఇరవై జాబుల వీడియో తీసినాయన ఈయనే. పన్నెండు వారాలుగా ఆయన దగ్గరే ఉంది. వారం ముందే కోచ్ ఆయనకి చెప్పాడట, నీకు ఎదురుగా వచ్చేది ఫలానావాడు అని. ఇంటి గ్యారేజ్‌లో కొడుకు చేత నాలాగా జాబ్ వేయించుకుని, చెయ్యి దించమని చెప్పి మరీ ప్రాక్టీసు చేశాడు. నాకు ఎదురు ఎవరో రింగు ఎక్కేదాకా తెలియదు, తెలుసుకోవాలని అనిపించనూ లేదు.

ఐదుకి నాలుగు ఇస్తున్నాను. ఒకటి తగ్గించింది గ్లౌజుల వాసనకి, ఉసిక్‌కి కలిపి. తర్వాతి బ్యాచ్ సెప్టెంబర్‌లో, శనివారం పొద్దున ఏడున్నరకి, పదిహేను మందికే చోటు. నగదు లేదా చెక్కు, కార్డు తీసుకోరు. సొంత గ్లౌజులు కొనుక్కోండి, 16 ఔన్సులవి. లోపల వేసుకోవడానికి పలచటి చొక్కా, బయటికి రావడానికి దళసరి కోటు, రెండూ పెట్టుకోండి. కారు వెనక సందులో ఆపండి. ముందు వీధిలో ఆపితే టికెట్ రాస్తారు, నాకు రెండు పడ్డాయి.